ఎలినార్ గుమ్మం ముందు వయొలెట్లు

మొక్కల నర్సరీలో పనికి చేరాలనుకునే మన పిల్లలు, ముఖ్యంగా ఇండియాలో అగ్రికల్చర్ చదివి ఇక్కడ అమెరికాకి వచ్చినవాళ్ళు, అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి, వీసాకి పనికొస్తుందా, సూపర్‌వైజర్ ఎప్పటికి అవుతాం అని అడుగుతారు. అవన్నీ నాకన్నా ఇంటర్నెట్ బాగా చెబుతుంది. ఆ పని నిజంగా ఎలా ఉంటుందో మాత్రం నేను చెప్పగలను. చెప్పాలంటే ఎక్కువగా తల దించుకున్న సంగతులే చెప్పాలి. మెచ్చుకోళ్ళు కూడా దక్కాయి గానీ, వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

నా పేరు సుగుణ. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పేదాన్ని. మావారికి మిషిగన్‌లో, ట్రాయ్ ఊళ్ళో, కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. రెండు వేల ఒకటిలో గ్రీన్ కార్డు మీద నేనూ వచ్చాను. మొదటి చలికాలమంతా కిటికీలోంచి మంచు చూస్తూ గడిపి, ఏప్రిల్ రాగానే ఊరి చివర ఉన్న నర్సరీకి వెళ్ళి పని అడిగాను. యజమాని మార్లీన్ అనే ఆవిడ. అరవైకి దగ్గర పడిన మనిషి, గొంతు గట్టిది. "కాలేజీలో బోటనీ చెప్పాను" అన్నాను. "మంచిది. అయితే ఆ ట్రాలీ ఇటు తోసుకురా" అంది. అదే నా ఇంటర్వ్యూ.

తెలుగు వినబడితే

పని ఏమిటంటే ఎరువు బస్తాలు మొయ్యడం, కుండీల్లో మట్టి నింపడం, నీళ్ళు పెట్టడం, చచ్చిన మొక్కలు ఏరి పారెయ్యడం. సాయంత్రానికి నడుము నాది కాదు. గోళ్ళల్లో మట్టి ఎంత కడిగినా పోదు. ఇవేవీ నన్ను బాధపెట్టలేదు. మే నెల వచ్చేసరికి మనవాళ్ళు మిరప మొక్కలకీ, టమాటా నారుకీ, మల్లె కుండీలకీ వచ్చేవాళ్ళు. అదీ నా బాధ. ఎక్కడైనా తెలుగు మాట వినబడితే చాలు, ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్ వెనక్కి వెళ్ళిపోయి వాళ్ళ కారు కదిలేదాకా ఏదో సర్దుతున్నట్టు నిలబడేదాన్ని. పార్టీల్లో ఎవరైనా అడిగితే మావారు "హార్టికల్చర్ కన్సల్టెంట్" అని చెప్పేవారు. నేను కాదనేదాన్ని కాదు.

ఒకరోజు అలా తప్పించుకునే వీలు లేకపోయింది. భుజం మీద బస్తాతో వస్తుంటే ఎదురుగా ఒక అమ్మాయి ఆగిపోయింది.

"మేడం! మీరు సుగుణ మేడం కదా? నేను శైలజని. గుంటూరులో మీ స్టూడెంట్‌ని. ఇక్కడే ట్రాయ్‌లో ఉంటున్నాం."

శైలజ నాకు బాగానే గుర్తుంది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఈ నర్సరీ మా ఫ్రెండ్‌దమ్మా. ఊరికే చూడ్డానికి వచ్చాను."

శైలజ నా ఏప్రన్ వైపు చూసింది. దాని మీద నా పేరు కుట్టి ఉంది. "అలాగా మేడం" అని, మావారి గురించీ పిల్లల గురించీ అడిగి, టమాటా నారు తీసుకుని వెళ్ళిపోయింది. అబద్ధమని తెలిసి, నా కోసం తెలియనట్టు నటించింది. దానికన్నా మొహం మీద నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

మార్లీన్ పెట్టెలు

నర్సరీ వెనక నేల మీద చెక్క చట్రాలు వరసగా ఉండేవి. పైన వాలుగా గాజు మూతలు. వాటిలో మార్లీన్ వయొలెట్లు పెంచేది. వాళ్ళ నాన్న ఒకప్పుడు ఆ పూలను చిన్న గుత్తులుగా కట్టి డెట్రాయిట్ పూలకొట్లకు వేసేవాడట. మనవైపు ఈ మొక్క ఎక్కువమంది చూసి ఉండరు. అరచేయంత ఎత్తు, గుండె ఆకారం ఆకులు, వాటి కింద తల వంచుకుని ఊదారంగు పువ్వు. హైదరాబాద్‌లో యునానీ మందుల కొట్లలో దగ్గుకి ఎండు పువ్వులు అమ్ముతారు. అక్కడ దీన్ని బనఫ్షా అంటారు.

పెంచడం కష్టమేం కాదు గానీ ఓపిక కావాలి. వసంతంలో ఎండ, వేసవిలో నీడ కావాలి కాబట్టి ఆకులు రాల్చే చెట్ల కింద నాటాలి. కుళ్ళిన ఆకుల ఎరువు చాలు. బలం ఎక్కువైతే ఆకులే తప్ప పువ్వులుండవు. పూత అయిపోయాక మొక్క నలువైపులా నేల మీద తీగలు పాకిస్తుంది. ఆ తీగలు వేళ్ళూనిన చోట కోసి కొత్త మొక్కలు చేసుకోవాలి. మిగతావి తుంచెయ్యాలి, లేకపోతే తల్లి మొక్క నీరసిస్తుంది. వేసవిలో నీళ్ళు తగ్గాయా, ఆకుల అడుగున ఎర్రనల్లి పురుగు పడుతుంది. చలికాలం గాజు మూతలు మూసి ఉంచాలి, ఎండ వచ్చిన రోజు కాస్త ఎత్తిపెట్టాలి, లేదంటే మొదలు కుళ్ళిపోతుంది. ఇవన్నీ మార్లీన్ తిట్లతో సహా నేర్పింది. నేను బాగానే నేర్చుకున్నాను.

ఆ మొక్కకి ఒక కవల ఉంది. మిషిగన్‌లో పచ్చిక బయళ్ళలో తనంతట తను మొలిచే అడవి వయొలెట్. విత్తనాలు చిమ్మి పక్కనున్న మళ్ళలో, పెట్టెల్లో కూడా దూరిపోతుంది కాబట్టి జనం దాన్ని కలుపు మొక్క అని మందు కొట్టి చంపుతారు. పువ్వు అదే రంగు, ఆకు దాదాపు అదే. కాకపోతే దానికి పాకే తీగలుండవు, భూమిలో అల్లంలాంటి లావుపాటి దుంప ఉంటుంది, కాస్త ఆలస్యంగా పూస్తుంది. వాసన అసలు ఉండదు.

మార్లీన్ పువ్వు కోసి ముక్కు దగ్గర పెట్టినప్పుడు నేను గట్టిగా పీల్చేదాన్ని. తడి ఆకు వాసన తగిలేది. "ఇది ఒకసారి తగిలి మాయమవుతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. దీని స్వభావమే అంత" అని మార్లీన్ చెప్పింది. అయితే మాయమైనప్పుడు నేను పీల్చానేమో అనుకున్నాను. మల్లె, సంపెంగ, మరువం అన్నీ తెలిసే ముక్కు నాది. దాన్ని అనుమానించాలని ఎప్పుడూ తోచలేదు. అందరూ కళ్ళు మూసుకుని "ఆహా" అనేవాళ్ళు. నేనూ "ఆహా" అనేదాన్ని.

ఎలినార్ అడిగింది

కొన్నేళ్ళకి మార్లీన్ మోకాలి ఆపరేషన్ చేయించుకుంది. ఆ సీజన్ వెనక పెట్టెలన్నీ నా చేతుల్లో పెట్టింది. నా పొంగు చూడాలి. ఆ వేసవి చివర హెరాల్డ్, ఎలినార్ అనే ముసలి దంపతులు వచ్చారు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో పెయింట్ షాప్‌లో పనిచేసి రిటైర్ అయిన మనిషి. ఆవిడకు చూపు పోతోంది.

"చుట్టుపక్కల అంతా కనబడుతుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖమే కనబడదు" అంది ఎలినార్, తల కాస్త పక్కకి తిప్పి నన్ను చూస్తూ. "రేపోమాపో అదీ ఉండదన్నారు డాక్టర్లు. గుమ్మం మెట్ల పక్కన వాసన వేసే వయొలెట్లు కావాలి. తలుపు తియ్యగానే ఏప్రిల్ వచ్చిందని నాకు తెలియాలి."

"ఆ పని నాకు వదిలెయ్యండి" అన్నాను.

నిజం ఏమిటంటే ఆ వేసవి నేను నీళ్ళు సరిగ్గా పెట్టక, మంచి మొక్కలు చాలావరకు ఎర్రనల్లి తినేసింది. ఉన్నవి చాలవు. చివరి పెట్టెలో మాత్రం కొన్ని దిట్టంగా, పచ్చగా ఉన్నాయి. తీగలు లేవు. మార్లీన్ తుంచేసి ఉంటుంది అనుకున్నాను. తవ్వితే లావుపాటి దుంపలు కనిపించాయి. పాత మొక్కలు కదా, వేరు లావెక్కింది అనుకున్నాను. ఏది వేరో, ఏది భూమిలో పెరిగే కాండమో బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మలేసి చెప్పినదాన్ని, చేతిలో పట్టుకుని కూడా చూడలేదు. చూడాలనుకోలేదు అంటే సరిగ్గా ఉంటుంది. వాటిని విడదీసి, ఆకులు రాలే కాలంలో వెళ్ళి ఆ గుమ్మం పక్కన నా చేతులతోనే నాటి వచ్చాను. మిగిలినవి కుండీల్లో పెంచాను.

తర్వాతి వసంతం చూడ్డానికి వెళ్ళాను. ఆలస్యంగా పూసినా గుమ్మం పక్కన ఊదారంగు దుప్పటి పరిచినట్టుంది. ఎలినార్ మోకాళ్ళ మీద కూర్చుని మొహం పువ్వుల్లో పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది.

"వాసన ఎలా ఉంది?" అని అడిగాను, మార్కులు వేయించుకునే పిల్లలాగా.

ఆవిడ తల పక్కకి తిప్పి హెరాల్డ్ వైపు చూసింది. తర్వాత "చాలా బాగుంది" అంది.

"కదా!" అని నేనూ వంగి పీల్చి "ఆహా" అన్నాను. హెరాల్డ్ మా ఇద్దరినీ చూసి మురిసిపోయారు.

జానకమ్మగారు

ఆ మరుసటి ఏప్రిల్‌లో ఒక శనివారం శైలజ తన అత్తగారిని తీసుకొచ్చింది. పేరు జానకమ్మ. వరంగల్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైర్ అయ్యారు. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. అప్పటికి మార్లీన్ కర్ర సాయంతో పనిలోకి వచ్చేసింది. కౌంటర్ పక్కన రెండు ట్రేలు పెట్టి ఉన్నాయి. ఒకటి మార్లీన్ తన ఇంటి దగ్గర పెంచినవి. రెండోది నేను పెంచినవి. గాజు పెట్టెలో ముందుగా పూత తెప్పించాను. దాని మీద "ఘుమఘుమలాడే వయొలెట్లు" అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసింది కూడా నేనే.

"బనఫ్షా అంటే ఇదేనా బిడ్డా? ఎండినయే చూసిన గని పచ్చియి ఎన్నడు చూడలేదు" అంటూ జానకమ్మగారు ఒక్కో కుండీ ఎత్తి వాసన చూశారు. మళ్ళీ చూశారు. "ఇగో, ఈ కుండీల దానికి వాసనొస్తలేదమ్మా. గా పక్కదానికైతే మస్తొస్తున్నది."

"కాసేపు ఆగి చూడండి. మాయమై మళ్ళీ వస్తుంది" అన్నాను.

"ఆగినమ్మా. రాలే."

లైన్‌లో వెనక నలుగురైదుగురు ఉన్నారు. మార్లీన్ అడిగింది: "ఆవిడ ఏమంటోంది?"

శైలజ పక్కనే ఉంది కాబట్టి మార్చి చెప్పడానికి వీల్లేదు. నా మొక్కలకి వాసన లేదని నా నోటితోనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. మార్లీన్ రెండు ట్రేల్లోంచీ చెరో పువ్వూ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నా కుండీ ఒకటి బోర్లించి, మట్టి దులిపి, దుంప చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"సు, కళ్ళు మూసుకో" అంది. సుగుణ అనే పేరు అక్కడివాళ్ళ నోట్లో అంతే.

మూసుకున్నాను. ఒక పువ్వు, తర్వాత ఇంకొకటి, ముక్కు కింద పెట్టింది.

"ఏది అసలుది?"

రెండూ తడి ఆకులే. "మొదటిది" అన్నాను.

లైన్‌లో ఎవరో గొంతు సవరించుకున్నారు. కళ్ళు తెరవకముందే తెలిసిపోయింది.

"నీకు దీని వాసన తెలియదు. ఇన్నేళ్ళుగా తెలియదు" అంది మార్లీన్. కోపంగా కూడా అనలేదు.

"పోనీలెండి మేడం" అంది శైలజ మెల్లగా. ఆ మేడం అనే మాట దగ్గర నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

కొందరికి మిగతా వాసనలన్నీ తెలిసినా, ఈ ఒక్క పువ్వు వాసన మాత్రం పుట్టుకతోనే తెలియదట. తర్వాత చదివి తెలుసుకున్నాను. అది నా తప్పు కాదని ఇంట్లో మావారు, ఫోన్‌లో మా చెల్లెలు చాలాసార్లు చెప్పారు. ముక్కు సంగతి సరే. దుంప కళ్ళకి కనబడింది కదా. అందరి ముందు అలా పరీక్ష పెట్టడం మార్లీన్ చేసిన తప్పని ఇప్పటికీ అంటాను. అలా పెట్టకపోతే నేను ఒప్పుకునేదాన్ని కాదు, అదీ నిజమే.

"ఇవి ఎవరికి వెళ్ళాయి?" అని అడిగింది మార్లీన్. ఎలినార్ పేరు చెప్పాను. "అయితే ఈరోజే వెళ్ళు."

"మీరు ఒక్కసారి ఫోన్ చేసి చెబితే..."

"నాటింది నువ్వు" అని లైన్‌లో ఉన్న వాళ్ళ వైపు తిరిగింది.

గుమ్మం ముందు

మార్లీన్ ట్రేలో మంచి మొక్కలు పూతతో ఉన్నవి కార్‌లో పెట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. ఇంకా మంచి రకం వచ్చింది, ఉచితంగా మారుస్తాం అని చెబితే సరిపోతుందేమో అని కూడా ఆలోచించాను. హెరాల్డ్ తలుపు తీశారు. వెనకాలే ఎలినార్ గోడ తడుముకుంటూ వచ్చింది. చూపు బాగా తగ్గిపోయినట్టుంది. కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను నాటినవి అసలు వయొలెట్లు కావు. వాటికి వాసన ఉండదు. నాకు ఈ పువ్వు వాసన తెలియదని ఇవాళే తెలిసింది" అన్నాను.

ఎలినార్ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"వాటికి వాసన లేదా? అసలే లేదా?"

"లేదు."

"హెరాల్డ్, విన్నావా?"

ఆయన నుదురు రుద్దుకున్నారు. "నాకెలా తెలుస్తుంది? నా ముక్కు పెయింట్ షాప్‌లోనే పోయింది. నువ్వు బాగుందన్నావు, నేను నమ్మాను."

"నువ్వు అంత ఆశగా పక్కన నిలబడితే లేదని ఎలా చెప్పను?" అంది ఆయనతో. తర్వాత నావైపు తల తిప్పింది. "కళ్ళ తర్వాత ముక్కు పోతోందనుకున్నాను. తలలో ఏదో పెరుగుతోందని భయపడ్డాను. ఏడాదిగా పొద్దున్నే కాఫీ వాసన చూస్తున్నాను, సబ్బు వాసన చూస్తున్నాను. అవి తెలిసినా నమ్మకం కలగలేదు. ఈయనకి చెప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళి తలకి స్కాన్ తీయించుకున్నాను. ఆ మిషన్‌లో పడుకుని ఏమేం అనుకున్నానో నీకు తెలుసా?"

"క్షమించండి."

"నువ్వు ఎలా ఉందని అడిగావు. నన్ను పరీక్షిస్తున్నావనుకున్నాను. నీకు వాసన వస్తోందనుకున్నాను. నువ్వు ఆహా అన్నావు."

కార్‌లోంచి ఒక కుండీ తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాను. ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ మొహంలో బిగుసుకున్నదేదో ఒక్కసారి వదిలింది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇది" అంది. "ఇదీ." కుండీ పక్కన పెట్టి, "ఆ మిగతావన్నీ పీకెయ్. ఇప్పుడే. ఒక్క దుంప కూడా ఉండకూడదు" అంది.

మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాను. ఆ దుంపలు ఎంత లోపలికి దిగుతాయో నాటినప్పుడు తెలియలేదు. ఎలినార్ మెట్టు మీదే కూర్చుని నా పార చప్పుడు వింటూ ఉంది. ఒకసారి హెరాల్డ్ సాయం చెయ్యబోతే, "ఆమెనే చెయ్యనీ" అంది. దారిన పోయే పక్కింటివాళ్ళు ఆగి చూశారు. కొత్త మొక్కలు నాటి, నీళ్ళు పోసి, పీకినవి సంచిలో నింపుకుని లేచాను.

"నిజంగా నీకు ఏమీ తెలియట్లేదా?" అని అడిగింది అప్పుడు.

"తడి ఆకు వాసనలా ఉంటుంది."

ఆవిడ వంగి కొత్త మొక్కల ఆకులు వేళ్ళతో తడిమింది. ఎలా ఉంటుందో చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత

మార్లీన్ నన్ను తీసెయ్యలేదు. వయొలెట్ల పని కూడా నా చేతుల్లోంచి తీసెయ్యలేదు. కానీ ఒక షరతు పెట్టింది. పూత సమయంలో ప్రతి కుండీ ఇంకొకరు వాసన చూసి సరే అన్నాకే అమ్మకానికి పెట్టాలి. అడగడం నేనే అడగాలి. కొనడానికి వచ్చిన ఎవరినో ఆపి, "నాకు ఈ వాసన తెలియదు, కాస్త చూసి చెబుతారా" అని ప్రతి ఏప్రిల్‌లోనూ అడిగాను. అలవాటైపోతుందనుకున్నాను. రిటైర్ అయ్యే దాకా అడిగిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

తెలుగువాళ్ళు వచ్చినప్పుడు దాక్కోవడం మాత్రం మానేశాను. ఏదో ధైర్యం వచ్చి కాదు. శైలజ ఎదురుగా అంత జరిగాక ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి తర్వాత కూడా వచ్చేది. నన్ను చూసి "మేడం" అనేది, నా చేతిలో బస్తా అందుకోబోయేది. ఆ మంచితనం నాకు ఎప్పుడూ బరువుగానే ఉండేది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నాకు తెలిసింది ఒకటే. అందరికీ తెలుస్తున్నది మీకు తెలియకపోతే ఆ క్షణాన్నే చెప్పండి. ఇబ్బందిగా ఉంటుంది, నవ్వుతారు కూడా. చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఇంకెవరో స్కాన్ మిషన్‌లో పడుకోవాల్సి వస్తుంది.

నేను పని మానేసే ముందు వసంతంలో హెరాల్డ్ చెయ్యి పట్టుకుని ఎలినార్ నర్సరీకి వచ్చింది. చూపు పూర్తిగా పోయింది. నేను దగ్గరికి వెళ్ళి పలకరించాను. గొంతు గుర్తుపట్టింది.

"సు, నువ్వేనా?"

"నేనే. ఎలా ఉన్నారు?"

"బాగున్నాను. వయొలెట్లు మెట్లకి రెండో వైపుకి కూడా పాకాయి. తలుపు తియ్యగానే తెలుస్తోంది."

"సంతోషం. ఇవాళ ఏం కావాలి?"

"లావెండర్ కావాలి" అంది. హెరాల్డ్ చెయ్యి వదలకుండానే, చాలా మర్యాదగా అడిగింది: "వేరే ఎవరినైనా పిలుస్తావా?"

పిలుస్తానన్నాను. కౌంటర్ దగ్గరున్న మార్లీన్‌కి చెయ్యి ఊపి, పక్కకు తప్పుకున్నాను. లావెండర్ వాసన నాకు బాగానే తెలుస్తుంది. ఆ మాట ఆవిడతో అనలేదు.